ఇనీషియల్ మింగేసిన ఇంటిపేరు

పాలారు గట్టున – గుడియాత్తం వాసి

పోలండ్‌లో ఏ ఇంటిపేరు ఎందరికుందో అక్కడి ప్రభుత్వం జనాభా పట్టికలోంచి లెక్కతీసి ఏటా బయటపెడుతుంది. జాబితాలో మొదటిది నోవాక్. ఆ ఇంటిపేరువాళ్లు రెండు లక్షల పైచిలుకు ఉన్నారు. ఊళ్లోకి కొత్తగా వచ్చినవాడని దానర్థం. రెండోది కొవాల్‌స్కి, కమ్మరి పని నుంచి వచ్చిన పేరు. ఎంతో అరుదైన ఇంటిపేర్లకు సైతం ఆ పట్టికలో అంకె దొరుకుతుంది.

గుడియాత్తంలోనో వేలూరులోనో ఉన్న తెలుగువాళ్ల ఇంటిపేర్లకు అలాంటి లెక్క తీయమంటే ఎవరివల్లా కాదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు తమ మాతృభాష అని రాయించుకున్నవాళ్లు తమిళనాడులో 42 లక్షలకు పైగా తేలారు. భాషకు అంకె ఉంది, ఇంటిపేరుకు లేదు. ఎందుకంటే ఆ ఇంటిపేర్లు చాలావరకు ఏ కాగితం మీదా లేవు. రేషన్ కార్డు, ఆధార్, పదో తరగతి మార్కుల జాబితా, ఓటరు కార్డు, ఏది తీసినా పేరు ముందు ఒక్క పొడి అక్షరమే కనబడుతుంది. ఆ అక్షరం తండ్రి పేరుది.

సరిహద్దుకు అటువైపు పలమనేరులో పేరు ముందున్న అక్షరం ఇంటిపేరుది. తాతకూ తండ్రికీ కొడుక్కీ అదే అక్షరం ఉంటుంది. ఇటువైపు గుడియాత్తంలో తరానికో అక్షరం. మునస్వామి కొడుకు ఎం. వెంకటేశ్ అవుతాడు, వెంకటేశ్ కొడుకు వి. కార్తీక్ అవుతాడు. మూడోతరం వచ్చేసరికి పేర్లు చూసి వీళ్లంతా ఒకే ఇంటివాళ్లని చెప్పడానికి ఏ ఆధారమూ మిగలదు. ఇది తమిళనాట పద్ధతి, దాన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. తమిళులకు తరతరాలుగా నడిచే ఇంటిపేరు అంత విరివిగా లేదు కాబట్టి ఆ పద్ధతిలో వాళ్లు పోగొట్టుకున్నదీ పెద్దగా లేదు. పోగొట్టుకుంటున్నది మనం.

పలమనేరుకూ గుడియాత్తానికీ మధ్య ఈ గీత మరీ పాతదేం కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, పలమనేరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. జిల్లా కచేరీ ఉండింది చిత్తూరులోనే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాక కొండలకు అవతలివాళ్లు ఆంధ్రులయ్యారు, మనం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాం. ఆ మరుసటేడే కామరాజు ముఖ్యమంత్రి అయి, శాసనసభలోకి వెళ్లింది మన గుడియాత్తం ఉపఎన్నికలో గెలిచే. అదే కాలంలో బళ్లు పెరిగాయి, హాజరుపట్టీలు వచ్చాయి. బళ్లో చేరిన ప్రతి పిల్లవాడి పేరు ముందూ తండ్రి పేరులోని మొదటి అక్షరం పడింది. అయ్యవారు ఇంటిపేరు అడగలేదు, మనమూ చెప్పలేదు.

అసలు ఇంటిపేరులో ఏముందని అడిగేవాళ్లను ఒకసారి రాయవేలూరు కోటకు తీసుకెళ్లాలనిపిస్తుంది. ఆ కోట కథంతా ఇంటిపేర్లతోనే నడుస్తుంది. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగరాన్ని ఏలిన వంశానికి ఆరవీటివారని పేరు. ఆరవీడు ఒక ఊరు. ఆ వంశంలోని వేంకటపతిరాయలు చంద్రగిరి నుంచి రాజధానిని వేలూరుకు మార్చుకున్నాడు. 1614లో ఆయన పోయాక కొత్తరాజునూ అతని కుటుంబాన్నీ ఈ కోటలోనే బంధించి, చివరికి చంపించినవాడు గొబ్బూరి జగ్గరాయుడు. ఆ చెరలోంచి ఒక రాకుమారుణ్ని చాకలివాడి చేత బట్టల మూటలో బయటికి తెప్పించి ప్రాణం కాపాడినవాడు వెలుగోటి యాచమనాయుడు. ఆ పోరు తిరుచ్చి దగ్గర తోపూరు యుద్ధం దాకా వెళ్లింది, జగ్గరాయుడు అక్కడే కూలాడు. పాతికేళ్లు తిరక్కుండానే, 1639లో, ఇంగ్లీషువాళ్లకు మద్రాసు రేవు దగ్గర చోటిచ్చినవాళ్లు దామెర్లవారు. వాళ్ల తండ్రి చెన్నప్పనాయుడి పేరు మీదే చెన్నపట్నం వెలిసింది.

ఆరవీటి, గొబ్బూరి, వెలుగోటి, దామెర్ల. ఈ నాలుగు ఇంటిపేర్లు తీసేస్తే ఆ కాలపు చరిత్రలో ఎవరెవరో పోల్చుకోలేం. ఒక్కొక్క ఇంట్లో ఎందరో వేంకటపతులు, చెన్నప్పలు, యాచమలు. మనిషిని గుర్తుపట్టించింది ఇంటిపేరే.

ఈ ఇంటిపేర్లలో చాలావాటి కట్టుబడి కూడా చక్కగా ఉంటుంది. వెలుగోడు ఊరివాళ్లు వెలుగోటివాళ్లు, కొండవీడు నుంచి వచ్చినవాళ్లు కొండవీటివాళ్లు. ఊరు చివర 'ఊరి' అవుతుంది, వీడు 'వీటి' అవుతుంది, పాడు 'పాటి' అవుతుంది. ఫలానా ఊరికి చెందినవాడు అన్న మాట ఆ చివరి అక్షరంలోనే ఇమిడిపోయింది. పోలండ్‌వాళ్ల 'స్కి' చేసేదీ ఇదే పని. ఊరి పేరుకు అది తగిలిస్తే ఆ ఊరివాడని అర్థం. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందని చెప్పిన కోపర్నికస్ అసలు ఇంటిపేరు కోపెర్నిక్. ఆయన 1473లో తోరూన్ పట్నంలో పుట్టాడు గాని, ఆ ఇంటిపేరు సైలీషియా ప్రాంతంలోని కోపెర్నికి అనే పల్లె నుంచి వచ్చిందంటారు. సర్వేపల్లి రాధాకృష్ణన్‌దీ అదే వరస. 1888లో తిరుత్తణిలో పుట్టి, మన వేలూరు ఊరీస్ కాలేజీలో చదువుకున్న ఆయనకు ఆ ఇంటిపేరు నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి నుంచి వచ్చింది. తిరువారూరులో పుట్టి తిరువయ్యారులో బతికిన త్యాగయ్యగారు కాకర్లవారు. కాకర్ల ఆంధ్రదేశంలో ఒక పల్లె. ఎన్ని తరాలు కావేరి నీళ్లు తాగినా ఆ ఇంట్లో కాకర్ల అన్న మాట పోలేదు.

ఊళ్లే కాదు. మంత్రిప్రగడ, కరణం, భండారు అన్నవి కొలువులు చెబుతాయి. మామిడి, చింత, మిరియాల, బెల్లం లాంటివి చెట్టూ చేమా సరుకూ చెబుతాయి. ఏ ఇంటిపేరు విన్నా ఆ ఇంటివాళ్లు ఎక్కణ్నుంచి వచ్చారో, ఏం చేసి బతికారో కొంత తెలుస్తుంది.

నా బాధ రాజుల గురించి కాదు. వెలుగోటివారికి వంశావళి గ్రంథమే ఉంది. రాధాకృష్ణన్ గారి ఇంటిపేరు రోడ్ల బోర్డుల మీద ఉంటుంది. గుడియాత్తంలో లుంగీలు నేసేవాళ్లకు, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లకు, అగ్గిపెట్టెల పనివాళ్లకు, పేర్నంబట్టు తోళ్ల షాపుల్లో పనిచేసేవాళ్లకు ఏ గ్రంథం ఉంది? ఇంట్లో తెలుగు మాట్లాడుకునే అరుంధతీయుల పూర్వీకులు ఎప్పుడు ఏ ఊరి నుంచి నడిచొచ్చారో ఏ శాసనంలో చెక్కారు? తాతముత్తాతల నుంచి వాళ్లకు మిగిలిన చరిత్ర మూడు నాలుగు అక్షరాల ఇంటిపేరు. అదీ పోతే ఆ ఇంటి కథకు ఇక మొదలే దొరకదు. మన ఊళ్లో ఒక పేటకే నెల్లూరుపేట అని పేరుంది. పేట తన బోర్డు మీద నెల్లూరు మాట నిలబెట్టుకుంది. ఆ పేటలో కాపురం ఉన్న మనం మన ఊరి మాట నిలబెట్టుకోలేకపోతే ఎట్లా?

ఈమధ్య తెలిసినవాళ్లింట నిశ్చయ తాంబూలానికి వెళ్లాను. లగ్నపత్రిక రాసే పెద్దమనిషి పెళ్లికూతుర్ని అడిగాడు, "మీ ఇంటిపేరు ఏందిమ్మా?" ఆ పిల్ల ఇంజనీరింగ్ చదివి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. "నాకు తెలీదు తాతా, నాయన్ని అడగాల" అంది. నాయన గోత్రం చెప్పాడు గాని ఇంటిపేరు దగ్గర తడబడ్డాడు. చివరికి పేర్నంబట్టులో ఉన్న మేనత్తకు ఫోన్ కలిపారు. ఎనభై దాటిన ఆ అవ్వ ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది. పుట్టింటి ఇంటిపేరు, ఇలవేలుపు, ఆ ఇలవేలుపు గుడి ఏ ఊళ్లో ఉందో, తన అమ్మ పుట్టినింటి పేరు, అత్తగారి పుట్టినింటి పేరు, అన్నీ చెప్పింది. అక్కడున్న యాభైమందిలో ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కరూ లేరు.

పెళ్లికూతురి తమ్ముడు దాన్ని తాంబూలం సంచి మీద తమిళంలో రాసుకున్నాడు. అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. త, ద లకూ, ప, బ లకూ అంతే. దామెర్ల అని రాస్తే తామెర్ల అని చదువుకోవచ్చు, గొబ్బూరి కాస్తా కొప్పూరి కావచ్చు. అవ్వ నోటి మాట విన్నవాడికి అది ఏ పలుకో తెలుస్తుంది. రేపు ఆ సంచి మీది రాత మాత్రమే చూసేవాడికి తెలియదు. కాగితం మీదికి ఎక్కించినా పలుకు మారిపోతే అసలు ఊరిని వెతుక్కునే దారి మూసుకుపోతుంది.

ఇంటిపేరు మళ్లీ పైకి తెస్తే కులాన్ని మళ్లీ పైకి తెచ్చినట్టు కాదా అని అడిగే మిత్రులున్నారు. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. 1929లో చెంగల్పట్టు ఆత్మగౌరవ మహానాడు పేర్ల చివరి కులపు తోకలను వదిలెయ్యమని తీర్మానించింది. తమిళనాడు ఆ మాట పాటించింది, అది మంచి పని. నాయుడు, రెడ్డి, చెట్టి అన్న తోకలు తిరిగి రావాలని నేను కోరను. ఇంటిపేరు వేరు. అందులో ఎక్కువభాగం ఊరి పేరు, ఆ ఊరి నుంచి బయల్దేరిన ఏ కులపువాడైనా ఆ పేరు మోసుకొచ్చి ఉండొచ్చు. ఒకే ఇంటిపేరు నాలుగైదు కులాల్లో వినబడటం తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. అయినా ఇంటిపేరు అడిగి కులం ఆరా తీసేవాళ్లు ఉన్నమాట నిజమే. అందుకే దాన్ని ఆఫీసుల్లో, బళ్లలో, అద్దె ఇళ్ల దగ్గర ఎవరూ ఎవర్నీ అడక్కూడదు. ఎవరింటిది వాళ్లు తెలుసుకుని రాసిపెట్టుకోవాలి. నేనడిగేది అంతే.

మరో సంగతి ఆడపిల్లలది. పోలండ్‌లో మగవాడు కొవాల్‌స్కి అయితే ఆడమనిషి కొవాల్‌స్కా, చివరి అక్షరం మారినా ఇంటిపేరు నిలుస్తుంది. మన దగ్గర పెళ్లికాకముందు తండ్రి అక్షరం, పెళ్లయ్యాక చాలామందికి భర్త అక్షరం. ఆమె పుట్టినింటి పేరు రెండుచోట్లా ఉండదు. పేర్నంబట్టు అవ్వ తన అమ్మ పుట్టినింటి పేరు కూడా గుర్తుపెట్టుకుంది గనక ఆ ఇంటికి రెండు కొమ్మలు దొరికాయి. ఆడవాళ్ల జ్ఞాపకం మీదే ఇంతకాలం నడిచిన వ్యవహారమిది. ఆ జ్ఞాపకాన్ని రాతలో పెట్టేటప్పుడు ఆడవాళ్ల పుట్టినిళ్లను వదిలేస్తే సగం కథే రాసినట్టు.

బయటి దేశాలకు వెళ్లిన పిల్లలకు ఈ చిక్కు ఇంకా ముదురుతోంది. అక్కడి దరఖాస్తులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలనివ్వరు. మనవాడు తండ్రి పేరు అక్కడ పెడతాడు. వాడి పిల్లలకూ అదే ఇంటిపేరుగా సాగుతుంది. మునస్వామి మనవలూ మునిమనవలూ మునస్వాములే అవుతారు, వందల ఏళ్లు నడిచొచ్చిన అసలు ఇంటిపేరు ఒక ఫారం దగ్గర ఆగిపోతుంది. పోలిష్ కుటుంబంలో 1857లో పుట్టిన కొజెన్యోవ్‌స్కి ఇంగ్లీషులో నవలలు రాస్తూ జోసెఫ్ కాన్రాడ్‌గా మారాడు. ఇంటిపేరు పక్కనపెట్టినా అదేమిటో ఆయనకు తెలుసు, తెలిసే ఎంచుకున్నాడు. మన పిల్లలకు ఆ ఎంపిక కూడా దక్కడం లేదు. వదులుకోవాలన్నా ముందు అదేదో తెలియాలి కదా.

కాబట్టి ఈ వారం చదువరులను ఒక పని చెయ్యమంటున్నాను. ఇంట్లోనో బంధువుల్లోనో ఉన్న పెద్దవాళ్లలో అందరికన్నా పెద్దావిడ దగ్గరికి వెళ్లండి. ఇంటిపేరు, గోత్రం ఉంటే గోత్రం, ఇలవేలుపు, ఆ గుడి ఉన్న ఊరు, అమ్మ పుట్టినిల్లు, నాయనమ్మ పుట్టినిల్లు అడిగి రాసుకోండి. పిల్లలకు చదవడానికి తమిళంలో రాయండి, పలుకు చెడకుండా పక్కనే తెలుగులో కూడా రాయండి. తెలుగు రాయడం రాకపోతే ఆవిడ చెబుతుండగా ఫోన్‌లో గొంతు రికార్డు చెయ్యండి. పెళ్లిపత్రిక ఏ భాషలో అచ్చువేసినా రెండు వైపుల ఇంటిపేర్లూ అందులో వెయ్యండి. బిడ్డ పుడితే జనన ధ్రువపత్రంలో పేరు రాయించేటప్పుడు, మీకు ఇష్టమైతే, ఇంటిపేరును పూర్తిగా పేరులోనే చేర్పించండి, తరానికో అక్షరం మారే బెడద ఉండదు.

సర్కారు ఏనాడో ఈ లెక్క తీస్తుందని ఎదురుచూడటం దండగ. పోలండ్ వాళ్ల పట్టికలో రెండు లక్షల నోవాక్‌లు తేలారంటే, తరతరాలుగా ప్రతి ఇల్లూ తన పేరును కాగితం మీద నిలబెట్టుకుంది కాబట్టే. మన ఊళ్లో ఆ పని మొదలుపెట్టడానికి ఒక నోటుపుస్తకం, ఒక సాయంత్రం, ఓపిగ్గా చెప్పే ఒక అవ్వ చాలు. నోటుపుస్తకం రేపైనా కొనుక్కోవచ్చు. అవ్వ దగ్గరికి మాత్రం ఈ ఆదివారమే వెళ్లండి.