ఇప్పుడెందుకే ఆ మాటలు!

మొన్న తిరువూరులో మా అన్నయ్య కూతురి సీమంతం. మోచేతిదాకా గాజులు, ఫోటోల హడావిడి. సందు చూసి పిల్ల నా చెవిలో అడిగింది: "అత్తయ్యా, నొప్పులొస్తే లోపల అసలేం జరుగుతుంది?" నేను నోరు తెరవకముందే వదిన అందుకుంది. "శుభమా అంటూ ఇప్పుడెందుకే ఆ మాటలు? అన్నీ డాక్టరు చూసుకుంటారు."

ముహూర్తానికి మాత్రం "ఇప్పుడెందుకు" లేదు. మంచి నక్షత్రం చూసి రెండు తేదీలు అప్పటికే రాయించుకొచ్చారు! ఆ నక్షత్రం కోసం 39 వారాలైనా నిండకుండా కోసి తీస్తే, బిడ్డ ఊపిరితిత్తులు సిద్ధమయ్యాయో లేదో ఏ పంచాంగం చెబుతుందండీ?

బి.ఏ. చదివిన నాకే ఏమీ తెలియదు. తొలికాన్పులో ఉమ్మనీరు పోతే పక్క తడిపాననుకుని, సిగ్గుతో తెల్లారేదాకా ఎవరికీ చెప్పలేదు. ఎంత ప్రమాదమో తర్వాత తెలిసి వణికాను.

చెప్పడానికి అంత కష్టమైన సంగతా ఇది? గర్భసంచి బిగుసుకుని వదులుతుంటుంది. ఆ బిగింపే నొప్పి. దొంగనొప్పులు వచ్చి పోతాయి, అసలు నొప్పులు దగ్గరపడుతూ పెరుగుతాయి. మధ్యమధ్య తెరిపి ఉంటుంది. ముఖద్వారం కొంచెం కొంచెంగా తెరుచుకుని 10 సెంటీమీటర్లవ్వాలి. తొలిచూలుకి నొప్పులు ఊపందుకున్నాక కూడా 12 గంటలు పట్టొచ్చు. అప్పుడు బిడ్డ తల తిరుగుతూ దిగుతుంది, తల్లి ముక్కుతుంది. ఆ తర్వాత మాయ పడుతుంది. ఈ నాలుగు ముక్కలూ తెలియని పిల్ల రెండో గంటకే "కోసేయండి" అనకేం చేస్తుంది?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లే. తిరువూరు పక్కన సరిహద్దు దాటితే, తెలంగాణలో 60 పైనే. నూటికి 10, 15 మించనక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లోనే అంది. మాయ అడ్డం పడినా, బిడ్డ గుండె తడబడినా ఆపరేషనే ప్రాణదానం, కాదనను. ఇంట్లో కని ప్రాణాలు పోగొట్టుకున్న రోజులు మళ్ళీ రావాలనీ అనను. కానీ ఇంతమందికీ మాయ అడ్డం పడిందా?

ఆ సాయంత్రం డాబా మీద కూర్చుని పిల్లకి అన్నీ చెప్పాను. వదిన బట్టలు తీసే నెపంతో అక్కడక్కడే తిరిగింది. చివరికి వచ్చి మెల్లిగా అడిగింది. "మరి దీన్ని కన్నప్పుడు నన్నెందుకు కోశారంటావు?"

ఏమని చెప్పను? పాతికేళ్ళయింది. ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఆవిడా అడగలేదు.