వారగా పొమ్మంటే

"ఓ వారగా పో తల్లీ!" సైకిల్ తొక్కే ఆడవాళ్లకి ఈ నగరం ఇచ్చే సలహాల్లో ఇంత ప్రేమగా వినిపించేదీ, ఇంత ప్రమాదకరమైనదీ ఇంకొకటి లేదు. తార్నాక నుంచి నారాయణగూడకి రోజూ సైకిల్ మీద వెళ్లొస్తూ, ట్రాఫిక్ కానిస్టేబుల్ దగ్గర్నుంచి తోటి అధ్యాపకుల దాకా అందరి నోటా ఇదే విన్నాను.

హైదరాబాద్ రోడ్డు వార ఏముంటుంది? ఇసుక, గుంటలు, మూత సరిగాలేని మ్యాన్‌హోళ్లు, వరసగా ఆగిన కార్లు. కారు తలుపు తెరిస్తే దాదాపు మీటరు మేర రోడ్డు మీదికొస్తుంది. సరిగ్గా ఆ మీటరులోంచే మనల్ని పొమ్మంటారు. పైగా మనం ఎంత ఒదిగితే వెనకొచ్చే ఆటో అంత రాసుకుంటూ పోతుంది. చోటుందనుకుంటాడు మరి! ఆగిన కార్లకి మీటరు ఎడంగా, లేన్ మధ్యకి జరిగి, అటూ ఇటూ ఊగకుండా వెళ్తే వెనకవాడు వేగం తగ్గిస్తాడు. హారన్ కొడతాడు, కొట్టనీండి. హారన్ కొట్టాడంటే మనం కనబడ్డామనే కదా. ఎడమకి తిరగబోయే బస్సు ఎడమపక్కకి దూరకపోవడం, రాత్రిపూట వెనక ఎర్రలైటు - ఇవీ ప్రాణం కాపాడే సంగతులు. వీటిని మాత్రం మనకెవరూ చెప్పరు. "చున్నీ జాగ్రత్త, చీకటి పడకుండా ఇల్లు చేరు" అంటారు. చున్నీ ముడేసుకోవాల్సిందే, కాదనను. కానీ గొలుసుకి కవరు లేని సైకిళ్లు అమ్మేవాళ్లని ఒక్కరూ నిలదీయరేం?

సెమినార్లలో 'అంచులు' అనే మాటని మనం ఎంత మక్కువగా వాడుకుంటామో! రోడ్డు అంచున ఉండేది మురుగుకాలవ.

2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల సైకిల్ దారి ప్రారంభించారు. చక్కగా ఉంది. ఆదివారం పొద్దున్నే కారు వెనక సైకిల్ కట్టుకొచ్చేవాళ్లకి మరీ చక్కగా ఉంది. నాలుగిళ్లల్లో పనిచేసే ఆమె, ట్యూషన్‌కెళ్లే పిల్ల రోజూ తిరిగే దారి అటు పోదు. వాళ్లకి కావల్సింది కాలనీ రోడ్లలో వాహనాల వేగం తగ్గడం. 2020లో స్టాక్‌హోమ్‌లో జరిగిన రహదారి భద్రత మంత్రుల సదస్సు కూడా, సైకిళ్లూ మనుషులూ బళ్లూ కలిసి తిరిగే చోట గంటకి 30 కిలోమీటర్ల పరిమితి పెట్టమంది. మా వీధిలో ఆ బోర్డు ఎప్పుడు పెడతారని ఒక అధికారిని అడిగాను. "మీరు హెల్మెట్ పెట్టుకుంటున్నారా మేడమ్?" అని నన్నే ఎదురడిగాడు.

పెట్టుకుంటున్నాను. బోర్డు సంగతి చెప్పమన్నాను.