పన్నెండేళ్ళ క్యూకి పదిహేను రోజుల తగ్గింపు!

హెచ్-4 మీద పెరిగిన పిల్లలకి 21 నిండాయంటే ఆ స్టేటస్ పోతుంది. అమ్మానాన్నల గ్రీన్ కార్డు క్యూలో డిపెండెంట్‌గా ఉన్న స్థానమూ పోవచ్చు. దీన్నే ‘ఏజ్ అవుట్’ అంటున్నారు. ఈ మాట ఎత్తగానే మనవాళ్ళు "సీఎస్‌పీఏ ఉందిగా, ఏం కాదు" అని తేల్చేస్తారు. ఉంది, 2002లో వచ్చింది. కానీ అది మన పిల్లల్ని ఎంత కాపాడుతోందో ఒకసారి లెక్కేసి చూడండి.

ఫార్ములా చిన్నదే. వీసా నంబరు అందుబాటులోకి వచ్చిన రోజున పిల్లల వయసు తీసుకుని, అందులోంచి ఐ-140 పెండింగులో ఉన్న రోజుల్ని తీసేస్తారు. మిగిలింది 21 లోపు ఉండాలి, పెళ్ళి కాకూడదు, ఏడాదిలోగా అప్లై చేసుకోవాలి. గమనించారా? తీసేది పిటిషన్ ఆఫీసులో మగ్గిన రోజుల్ని మాత్రమే. అప్రూవ్ అయ్యాక మనం క్యూలో నిలబడ్డ ఏళ్ళని కాదు!

పాపకి 9 ఏళ్ళప్పుడు పిటిషన్ వేశారనుకుందాం. ప్రీమియం ప్రాసెసింగ్‌కి డబ్బు కట్టారు, 15 రోజుల్లో అప్రూవల్. డేట్ కరెంట్ అయ్యేసరికి పాపకి 21 ఏళ్ళ 3 నెలలు. తగ్గించేదెంత? 15 రోజులు. అదే పిటిషన్ ఆరు నెలలు నత్తనడక నడిచుంటే పాప గట్టెక్కేది! త్వరగా పని జరిగితే శిక్ష, ఆలస్యమైతే బహుమానం. ఏ టెస్టరైనా దీన్ని మొదటిరోజే బగ్ అని రాస్తాడు. 2002 నుంచీ ప్రొడక్షన్‌లో నడుస్తోంది మరి.

ఇంకో విచిత్రం. 1990 చట్టం ప్రకారం ఉద్యోగాల కోటా ఏడాదికి సుమారు 1,40,000. ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి. డిపెండెంట్లు కూడా ఈ అంకెలోకే వస్తారు. అంటే క్యూ పొడుగు చెయ్యడానికి పాప పనికొస్తుంది, కౌంటర్ దగ్గరికి చేరాక మాత్రం పనికిరాదు!

వయసుని అప్లికేషన్ రోజునే ఆపడం కుదరదా అంటే, అదే చట్టం అమెరికా సిటిజెన్ల పిల్లలకీ, ఆశ్రయం కోరినవాళ్ళ పిల్లలకీ అలాగే ఆపుతోంది. మనదగ్గరికొచ్చేసరికే తీసివేతలు. 2023 ఫిబ్రవరిలో ‘డేట్స్ ఫర్ ఫైలింగ్’ చార్టుతో వయసు లెక్కిస్తామని కాస్త ఊరటనిచ్చారు. 2025 ఆగస్టు 15 నుంచి వేసే అప్లికేషన్లకి అదీ తీసేశారు.

ఎఫ్-1కి మారొచ్చుగా అంటారు. మారితే, నాలుగేళ్ళప్పుడు వచ్చిన పిల్ల "చదువవగానే నా దేశం వెళ్ళిపోతా" అని ఆఫీసర్ని నమ్మించాలి. 2012లో వచ్చిన డాకాలో చోటుందా? లేదు. దానికి ఆ ఏడాది జూన్ 15 నాటికి చట్టబద్ధమైన స్టేటస్ లేకుండా ఉండాలి. రూలు తప్పకుండా ఉండటమే వీళ్ళకి అడ్డమైంది.

ఇండియా వెళ్ళిపోతే తప్పేంటి? తప్పేం లేదు. కానీ ఆ నిర్ణయం ఇంట్లోవాళ్ళు కూర్చుని తీసుకోవాలి. అక్కని పంపించి, ఇక్కడ పుట్టిన తమ్ముణ్ణి ఉండనిచ్చే నిర్ణయం క్యాలెండర్ తీసుకోకూడదు.

అమెరికాస్ చిల్డ్రన్ యాక్ట్ పేరుతో 2021లో, 2023లో బిల్లులు పెట్టారు. రెండుసార్లూ చట్టం కాలేదు. మనమేమో ప్రతినెలా బులెటిన్‌లో మన డేట్ కదిలిందో లేదో చూసి మూసేస్తాం. ఈసారి ఆ డేట్ పక్కన పిల్లల పుట్టినతేదీ కూడా రాసి చూడండి. ఓటు లేకపోయినా మీ కాంగ్రెస్ సభ్యుడికి ఉత్తరం రాయొచ్చు. పాపకి ఇరవై వచ్చాక కాదు, పదేళ్ళప్పుడే రాయండి.