బావురు పిల్లిని చూపించేది ఎవరు?



కృష్ణా అభయారణ్యంలో టూరిజం పెంచాలన్న మాట వచ్చినప్పుడల్లా మన గ్రూపు రెండు పార్టీలైపోతోంది. "జాబులొస్తాయి" అని కొందరు, "అభయారణ్యం అంటేనే మనల్ని వెళ్లగొట్టడం" అని కొందరు. పటమటలో గదులు తీసుకుని చదువుకుంటున్న మేం కొందరం కూర్చుని మాట్లాడుకుని ఇది రాస్తున్నాం.

అభయారణ్యం వద్దని మేం అనం. 1989లో దాదాపు 195 చదరపు కిలోమీటర్లు ప్రకటించి ఉండకపోతే సొర్లగొంది, నాచుగుంట వైపు మడ అడవులు కూడా ఈపాటికి రొయ్యల చెరువులైపోయేవి. 1977 ఉప్పెన దివిసీమను ఏం చేసిందో పెద్దోళ్లని అడగండి. మడ ఉన్నచోట అల జోరు తగ్గుతుంది. బావురు పిల్లి బతికేది కూడా అక్కడే.

యానాదులు బతికేదీ అక్కడే. బురదలో దిగి, బొరియలో చెయ్యి పెట్టి పీతని పట్టే మనిషికి ఆ అడవి తెలిసినట్టు ఎవరికి తెలుసు? హక్కు కాగితం లేదు కాబట్టి ఎప్పుడు ఎవరు ఆపుతారోనని ఆ మనిషికి భయం. అదే అభయారణ్యంలో గుల్లలమోద క్షిపణి కేంద్రానికి 154 హెక్టార్లు ఇవ్వడానికి మాత్రం దారి దొరికింది. 2025 మే 2న శంకుస్థాపన కూడా అయ్యింది. దేశ రక్షణ కాదనం గానీ, పీతల బుట్టకి ఆ దారి ఎందుకు లేదు?

నిజానికి ఉంది. మన గ్రూపులో ఏజెన్సీ వాళ్లే ఎక్కువ కాబట్టి ఇది చాలామందికి తట్టదు. దివిసీమ షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, పీసా చట్టం అక్కడ రాదు. 2006 అటవీ హక్కుల చట్టం మాత్రం వస్తుంది, అభయారణ్యంలో కూడా. చేపలు, నీటిలో దొరికే ఇతర వాటిపై సామూహిక హక్కు సెక్షన్ 3(1)(డి)లో ఉంది. గ్రామసభకి ఫారం-బి పెట్టాలి. కాగితాల్లేవని ఆగిపోవద్దు, పెద్దల మాట రాతలో పెట్టినా ఆధారమే. కర్ణాటకలో సోలిగలు 2011లో ఏకంగా పులుల అడవిలోనే సామూహిక హక్కులు సాధించారు.

ఆ హక్కు లేకుండా టూరిజం వస్తే మనోళ్లకి మిగిలేది రిసార్టులో ఊడ్చే పని. హక్కుంటే పడవ మనది, గైడు మనోడు, టికెట్ డబ్బుల్లో వాటా గ్రామసభ గట్టిగా అడగొచ్చు. అందుకే మా మాట: ముందు ఫారం-బి, తర్వాతే బోటు షికార్లు.

ఈ ఆదివారం పొద్దున నాగాయలంక బస్సెక్కుతున్నాం. ఫారాలు నింపడం తెలిసినవాళ్లు రండి. తెలియనివాళ్లు పెద్దోళ్ల మాటలు రాసుకోవడానికి నోటుబుక్కు తెచ్చుకోండి.