లక్క ప్లేటుకు కాదు, మన సీడీకే గండం

హైదరాబాద్‌లో కాస్త డబ్బున్న ఇళ్లల్లో రికార్డు ప్లేయర్ మళ్లీ కనిపిస్తోంది. ఒక్కో ఎల్పీకి వేల రూపాయలు పెట్టడానికి కూడా వెనకాడటం లేదు. అమెరికాలో 2022లో 4.1 కోట్ల వినైల్ రికార్డులు అమ్ముడుపోతే సీడీలు 3.3 కోట్ల దగ్గరే ఆగాయి. అమ్మిన సంఖ్యలో సీడీని వినైల్ దాటడం 1987 తర్వాత అదే మొదటిసారి. ఈ లెక్క చూపించి ‘ప్లేటు చావలేదు’ అని సంబరపడేవాళ్లు పెరిగారు. పడనివ్వండి. మా నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి, ఆర్మూర్ వైపు వస్తే మాత్రం ప్లేటు ఇంకో అవతారంలో కనిపిస్తుంది.

ఎర్రజొన్న కంకి పాలుపోసుకునే వేళకు కొందరు రైతులు చేన్లో దారాలు కట్టి పాత సీడీలు వేలాడదీస్తారు. గాలికి గిర్రున తిరిగి మెరుస్తుంటే పిట్టలు బెదురుతాయి. సినిమా పాటల సీడీ అయితే పోయేదేమీ లేదు, ఆ పాటలు వంద చోట్ల దొరుకుతాయి. కానీ మొన్న ఒక సీడీ పట్టుకుని చూస్తే దాని మీద నీలి స్కెచ్ పెన్నుతో ‘బతుకమ్మ పాటలు’ అని రాసి ఉంది. కింద ఊరి పేరులో సగం ఎండకు వెలిసిపోయింది. పాడినవాళ్ల పేర్లు అసలు రాయనే లేదు. ఆ పాటలు ఇంకెక్కడైనా ఉన్నాయో లేదో చెప్పగలిగేవాళ్లు ఎవరు?

ప్లేట్ల భవిష్యత్తు గురించి మాట్లాడేటప్పుడు అందరం లక్క ప్లేట్ల మీదా ఎల్పీల మీదా బెంగపడతాం. నిజానికి వాటికి వచ్చిన భయం తక్కువ. గ్రామఫోన్ కంపెనీ వాళ్లు 1902 నవంబరులో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ గొంతు ఎక్కించారు, ఆ పాటలు ఇవాళ్టికీ వినొచ్చు. లక్క, రాతిపొడి, మసి కలిపి ఒత్తిన ప్లేటు కింద పడితే ముక్కలవుతుంది గానీ, పడకుంటే నూరేళ్లు దాటినా పాడుతుంది. వినడానికి కరెంటు కూడా అక్కర్లేదు, కీ తిప్పి సూది పెడితే చాలు. మన తొలి టాకీల్లో చాలావాటికి ప్రింట్లే మిగల్లేదు. వాటి పాటలు కొన్నయినా చెవిన పడుతున్నాయంటే ఆ ప్లేట్ల చలవ, వాటిని వేలకొద్దీ ఏరి దాచిన వి.ఎ.కె. రంగారావు లాంటివాళ్ల చలవ.

ఎల్పీ కూడా గట్టిదే. నిలబెట్టి దాచి, ఎండ తగలకుండా చూస్తే తరాలు దాటుతుంది. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి, మే నెలలో రేకుల గదిలో పెడితే మాత్రం ఒంకర తిరుగుతుంది. ఘంటసాల 1974 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆయన పాడిన భగవద్గీత ఆ తర్వాత ఎల్పీగా బయటికొచ్చింది. అక్కణ్నుంచి క్యాసెట్‌లోకి, సీడీలోకి, ఇప్పుడు ఫోన్లోకి వచ్చింది. మొదటి ఎల్పీలన్నీ రేపు విరిగిపోయినా ఆ గొంతుకు ఢోకా లేదు. ఒక పాట వెయ్యి ఇళ్లల్లో ఉంటే దాన్ని కాపాడే పని ఎవరూ నెత్తిన వేసుకోనక్కర్లేదు.

గండమంతా మనం చేతులతో రాసుకున్న సీడీకే. కంపెనీ సీడీకీ, నిజామాబాద్ కంప్యూటర్ షాపులో రైటింగ్ చేయించిన సీడీకీ చూపుకు పెద్ద తేడా ఉండదు, లోపల మాత్రం చాలా ఉంది. కంపెనీ సీడీలో పాటను అచ్చుతో ప్లాస్టిక్ మీద గుంటలుగా ఒత్తుతారు, దాని మీద పల్చటి అల్యూమినియం పూత వేస్తారు. రైటింగ్ సీడీలో గుంటలు ఉండవు. ఒక రసాయన రంగు పొర ఉంటుంది, లేజర్ దాన్ని అక్కడక్కడా మాడ్చి గుర్తులు పెడుతుంది. ఎండా వేడీ తగిలితే ఆ రంగు వెలుస్తుంది. రంగు వెలిస్తే పాట పోతుంది. మే నెలలో నలభై అయిదు డిగ్రీలు చూసే మన జిల్లాలో, సజ్జ మీద అట్టపెట్టెలో పదిహేనేళ్లుగా ఉన్న సీడీ ఏ స్థితిలో ఉంటుందో ఊహించుకోండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సీడీని అందరం మెరిసే వైపు గీత పడకుండా కాపాడుకుంటాం, పేరు రాసిన వైపు పట్టించుకోం. పాట ఉండేది ఆ పేరు రాసిన వైపు, పల్చటి లక్కర్ పూత కిందే. మెరిసే వైపు గీత పడితే పాలిష్ చేసి బాగుచేయొచ్చు. పై వైపు గీరుకుంటే ఆ ముక్క ఇక రాదు. బాల్‌పెన్నుతో గట్టిగా పేరు రాసినవాళ్లు, కాయితం అంటించి మళ్లీ పీకినవాళ్లు తెలియకుండానే పాటకు చేటు చేశారు. తుడిచేటప్పుడు కూడా గుండ్రంగా తిప్పకుండా మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవాలి.

ఈ జిల్లాకు ఈ సీడీలు ఎందుకంత ముఖ్యం? 2002లో తెలంగాణ ఉద్యమ ఆటపాటల వేదిక ధూంధాం మొదలైంది కామారెడ్డిలో, అప్పటికి అది నిజామాబాద్ జిల్లాయే. ఆ తర్వాత పది పన్నెండేళ్లు ఊరూరా పాట పొంగింది. అదే సమయంలో కంప్యూటర్ చవకైంది, ఖాళీ సీడీ పదీ ఇరవై రూపాయలకు వచ్చింది. ఒక గది, ఒక మైకు, ఒక కీబోర్డు ఉంటే స్టూడియో అయిపోయింది. ఉద్యమ పాటలు, బతుకమ్మ పాటలు, ఒగ్గు కథలు, బీడీలు చుట్టే ఆడవాళ్ల గోస, దుబాయి పోయినోళ్ల గోస, ఊరి జాతర పాటలు ఇలా సీడీలకెక్కాయి. వందో రెండు వందలో కాపీలు తీసి జాతరలో, బస్టాండు దగ్గర అమ్మారు. స్టూడియో హార్డ్ డిస్కు ఎప్పుడో చెడిపోయి ఉంటుంది. కాబట్టి మీ ఇంట్లో సజ్జ మీదున్న ఆ సీడీయే ఇప్పుడు అసలు ప్రతి.

‘అన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా’ అంటారు. కొన్ని ఉన్నాయి, కాదనను. ఎక్కించినవాడి చానెల్ మూతపడితే, వేరెవరో హక్కు నాదని ఫిర్యాదు చేస్తే అవీ పోతాయి. పెద్ద కంపెనీ గోడౌన్ అయినా భద్రమని చెప్పలేం. 2008 జూన్‌లో హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియోస్‌లో మంటలు లేచి ఎన్నో మాస్టర్ టేపులు కాలిపోతే, ఆ నష్టం ఎంతో లోకానికి వివరంగా తెలిసింది 2019లో. ప్రపంచానికి పాటలమ్మే కంపెనీ గతే అట్లా ఉంటే, పేరు తెలియని మన ఊరి పాటకు ఒక్క చోటు సరిపోతుందా?

మరోపక్క వినే యంత్రమూ కరువవుతోంది. దేశంలో సీడీల తయారీకి పేరుమోసిన మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. కొత్త ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేదు, కొత్త కారులో పెన్‌డ్రైవ్ పెట్టుకునే చోటే ఉంది. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో ఆగినప్పుడు ఏమైందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. యంత్రం ఒక్కటే ఆగదు, దాన్ని బాగుచేసే చేతులూ చెదిరిపోతాయి. సీడీ ప్లేయర్ లెన్సు మార్చే మెకానిక్ కోసం ఇవాళ నిజామాబాద్ అంతా తిరగాలి. ఇంకో పదేళ్లకు దొరకడు.

అందుకే ఎల్పీలు కొనమని ఎవరికీ చెప్పను. చెప్పేది ఒక్కటే: ఉన్న సీడీలు ఇప్పుడే కాపీ చేయండి. కంప్యూటర్‌కు తగిలించే డ్రైవ్ వెయ్యి, పదిహేను వందలకు దొరుకుతుంది. పాటల్ని ఎంపీ3గా కుదించకుండా ఉన్నదున్నట్టు దించండి. ఒక కాపీ ఇంట్లో, ఒకటి చుట్టాలింట్లో, ఒకటి ఆన్‌లైన్‌లో పెట్టండి. ఇంకా ముఖ్యమైనది పేర్లు. ఎవరు పాడారు, డప్పు ఎవరిది, ఏ ఊరు, ఏ ఏడు, అన్నీ రాయండి. పాడినవాళ్లు బతికుండగానే అడిగి రాయండి. పేరు లేని పాట రేపు ఎవరిదైనా అయిపోతుంది, పాడిన మనిషికి దక్కాల్సిన హక్కు, పైసా రెండూ పోతాయి.

ఇళ్లవాళ్లే అంతా చేయలేరు. తెలంగాణ విశ్వవిద్యాలయం మనకు పక్కనే డిచ్‌పల్లిలో ఉంది. తెలుగు శాఖ విద్యార్థులకు ఇంతకంటే మంచి ప్రాజెక్టు ఏముంటుంది? మండలానికి ఇద్దరు తిరిగినా ఒక్క ఎండాకాలంలో ఎంతో కొంత చేతికొస్తుంది. నిజామాబాద్ ఆకాశవాణి అందులోంచి వారానికో పాట, పాడినవారి పేరు చెప్పి వినిపిస్తే ఇంకో పది ఊళ్ల వాళ్లు తమ పెట్టెలు తెరుస్తారు. పెద్ద భవనం, పెద్ద నిధి అక్కర్లేదు. ఒక గది, రెండు కంప్యూటర్లు, ఓపికున్న నలుగురు చాలు.

వినైల్‌ను చూసుకోవడానికి దాని మీద డబ్బు చేసుకునే కంపెనీలు ఉన్నాయి. లక్క ప్లేటును చూసుకోవడానికి సేకర్తలు ఉన్నారు. స్కెచ్ పెన్నుతో పేరు రాసిన సీడీకి మాత్రం మనం తప్ప దిక్కు లేదు. దసరాకు సున్నం వేసే ముందు సజ్జ మీది పెట్టెను పాత సామాన్ల బండికి వేయకండి. ముందు అందులో ఎవరి గొంతు ఉందో వినండి.

— పసుపుకొమ్ము