అడవి పాఠం చెప్పేదెవరు?

ఇటీవల భువనగిరి దగ్గరి ఒక పార్కుకు బడిపిల్లలతో వెళ్ళాను. పర్యావరణ విద్య కార్యక్రమమట. చెట్లు నాటాలని, ప్లాస్టిక్ వాడొద్దని ఉపన్యాసం ఇచ్చారు, ప్రతిజ్ఞ చేయించారు. బోర్డు లేని చెట్ల పేర్లు పిల్లలడిగితే మాత్రం వేదిక మీంచి జవాబు రాలేదు. పక్కనే ఊడుస్తున్న కూలీ స్త్రీ చీపురు పెట్టి, "ఇది రేల బిడ్డా, ఇది బలుసు, ఇది తునికి" అని చెప్పుకుంటూ పోయింది. ఏ కొమ్మ కొడితే చెట్టు మళ్ళీ చిగురిస్తుందో కూడా చెప్పింది. ఉపన్యాసకునికి శాలువా దక్కింది, ఆమెకు ఆనాటి కూలీ మాత్రమే.

ఇది ఒక్క పార్కు సంగతి కాదు. పర్యావరణాన్ని తప్పనిసరిగా బోధించాలని 1991లోనే ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాఠమైతే పుస్తకాల్లోకి వచ్చింది. కట్టెలు, మేత, నీళ్ళు మోసి అడవిని ఎరిగిన స్త్రీల జ్ఞానం మాత్రం అందులోకి రాలేదు.

చదువురాని వాళ్ళు ఏం చెప్తారని కొందరంటారు. జహీరాబాద్ ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు పాత పంటల విత్తనాలను కాపాడి నిలబెట్టారు. 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వారికి వచ్చింది. వాళ్ళు చెప్పేదాంట్లో మూఢనమ్మకాలూ కలుస్తాయంటారా? కలవొచ్చు. వడగట్టడానికి టీచర్లున్నారు కదా!

ఇంకో మాట. మా జిల్లాలో పారే మూసీ హైదరాబాదు మురుగును మోసుకొస్తుంది. ఆ నీళ్ళు పారిన మడుల్లో రోజంతా వంగి నాట్లేసేది స్త్రీలే. చెట్టును ప్రేమించమని చెప్పే పాఠం ఆ కాళ్ళ గురించి ఎందుకు మాట్లాడదు? ఆ మురుగు ఎవరిదని పిల్లలు అడుగుతారనా?

2002 నాటి జీవవైవిధ్య చట్టం స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య కమిటీలు ఉండాలన్నది. నామినేట్ చేసే సభ్యుల్లో కనీసం మూడోవంతు స్త్రీలు ఉండాలని 2004 కేంద్ర నియమాలు చెప్పాయి. మన ఊళ్ళో ఆ కమిటీలో ఎవరున్నారో, ఊరి చెట్టూ చేమా రాసే రిజిస్టరు ఎక్కడుందో గ్రామసభలో నిలదీసి అడుగుదాం.

పార్కుల్లో పాఠం చెప్పగల కూలీ స్త్రీలను బోధకులుగా గుర్తించి, దానికి వేరే వేతనం ఇవ్వాలి. పిల్లలను పార్కుకే కాక మూసీ ఒడ్డుకూ తీసుకుపోవాలి. ఇది మనం అడిగే దయ కాదు, మన హక్కు.