మనోడి బండే కదా అని కళ్లు మూసుకోవద్దు



మన గ్రూపులో ఒకే రకం మెసేజ్ మళ్లీ మళ్లీ వస్తుంటది. "కారు అమ్మకానికి ఉంది. మంచి కండిషన్. ఇండియా వెళ్లిపోతున్నాం, మనవాళ్లకైతే తగ్గించి ఇస్తాం." కింద కడిగి తుడిచిన బండి ఫొటోలు నాలుగు. కొత్తగా వచ్చిన తమ్ముడు ఎవరో ఒకరు సాయంత్రానికల్లా పైసలు పట్టుకొని పోతాడు. దీని మీద నా అభిప్రాయం చెప్దామని రాస్తున్నాను. కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పాల్సిందే.

నా మాట ఒక్కటే. అమ్మేది మనోడైనా, పరాయివాడైనా, డీలరైనా, మనకు సంబంధించిన మెకానిక్ చూడకుండా ఒక్క డాలరు కూడా చేతిలో పెట్టొద్దు. చూపిస్తానని అడగడం అవమానం కాదు. చూపించనియ్యను అంటే ఆ బండి మనకొద్దు.

గల్ఫ్‌లో ఉన్నప్పుడు మనకు ఈ బాధ లేదు. పొద్దున కంపెనీ బస్సు క్యాంపుకు వచ్చేది, సైట్‌లో దింపేది. ఇక్కడ టెక్సాస్‌లో బండి లేకుంటే పని లేదు. పొద్దున 6 గంటలకు సైట్‌లో ఉండాలి, 30 మైళ్ల దూరం, బస్సు ఉండదు. అందుకే మనం తొందరపడతాం. ఆ తొందరే అమ్మేవాడికి లాభం.

నేను 2018లో మా అన్న పిటిషన్ మీద డల్లాస్ వచ్చాను. వచ్చిన మూడో వారంలోనే బండి కొన్నాను. అమ్మినాయన మా పక్క మండలం మనిషి. ఇంటికి పిలిచి భోజనం పెట్టాడు. ఊరి ముచ్చట్లు మాట్లాడుకున్నాం. బండి తెల్లగా మెరుస్తుంది, కొత్త సీటు కవర్లు, లోపల ఘుమఘుమా సెంటు వాసన. అన్నం పెట్టిన మనిషిని "బానెట్ ఎత్తండి, కింద చూపించండి" అని అడగడానికి మొహమాటమైంది. 5,800 డాలర్లు క్యాష్ లెక్కపెట్టి ఇచ్చాను. అందులో 4,000 అన్న దగ్గర అప్పు.

పది వారాలు నడిచింది. మొదట అద్దాలు దిగడం ఆగింది. తర్వాత మీటరు బోర్డు మీద లైట్లు వాటంతట అవే వెలిగి ఆరడం మొదలైంది. ఒకరోజు తెల్లవారుజామున హైవే మీద మొత్తం చచ్చిపోయింది. మెకానిక్ సీటు విప్పి కార్పెట్ లేపితే కింద ఎండిపోయిన సన్నటి ఒండ్రు మట్టి. వరదలో మునిగిన బండి అన్నాడు. 2017 ఆగస్టులో హార్వే తుఫాను వచ్చి హ్యూస్టన్ ప్రాంతంలో లక్షల బండ్లు మునిగినయి. అట్లాంటి బండ్లలో కొన్ని కడిగి, ఆరబెట్టి మళ్లీ మార్కెట్లోకి వస్తాయని నాకు అప్పుడు తెలిసింది. అమ్మినాయనను అడిగితే "నాకూ తెలియదు తమ్ముడూ, నేనూ వేరే వాళ్ల దగ్గర కొన్నదే" అన్నాడు. నిజమే కావచ్చు. కానీ అప్పు తీర్చింది మాత్రం నేనే, పద్నాలుగు నెలలు.

నేను చేసేది కన్‌స్ట్రక్షన్ పని. మా సైట్‌లో గోడలకు షీట్లు కొట్టి మూసే ముందు సిటీ ఇన్‌స్పెక్టర్ రావాలి. లోపల వైరింగ్, పైపులు, చెక్క ఫ్రేము చూసి సంతకం పెడితేనే గోడ మూస్తాం. ఎందుకంటే రంగు వేసినాక ఏ గోడైనా అందంగానే ఉంటది. పాత బండి కూడా రంగు వేసిన గోడ లాంటిదే. గోడ కోసం ఇంత పట్టుదలగా ఉండే నేను, పెళ్లాం పిల్లల్ని ఎక్కించుకునే బండిని సెంటు వాసన చూసి కొన్నాను. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

*ముందు కాగితం చూడండి*

ఇక్కడ టైటిల్ అంటే మన ఆర్సీ లాంటిది. దాని మీద సాల్వేజ్, రీబిల్ట్, ఫ్లడ్ అనే మాటలు ఉన్నాయా చూడండి. అమ్మేవాడి లైసెన్సు మీద పేరు, టైటిల్ మీద పేరు ఒకటే కావాలి. వేరే ఉంటే ఆగండి. బ్యాంకు అప్పు ఉంటే అది తీరినట్టు కాగితం అడగండి. 1981 మోడల్ నుండి బండికి 17 అక్షరాల విన్ నంబరు ఉంటది. డ్రైవర్ వైపు ముందు అద్దం కింద ఒకటి, డ్రైవర్ డోరు తీస్తే స్టిక్కరు మీద ఒకటి, టైటిల్ మీద ఒకటి. మూడూ ఒకటే ఉండాలి.

ఆ నంబరును ఎన్ఐసీబీ వాళ్ల విన్‌చెక్‌లో కొడితే, దొంగతనం బండా, ఇన్సూరెన్సు వాళ్లు పనికిరాదని వదిలేసిందా అని ఉచితంగా చెప్తుంది. ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైట్‌లో కొడితే రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది. టకాటా ఎయిర్‌బ్యాగుల రీకాల్ కోట్ల బండ్లకు పడింది, ఇంకా మార్పించనివి తిరుగుతున్నాయి. మార్పించడానికి డీలరు దగ్గర పైసలు తీసుకోరు. పైసలు కట్టి కార్‌ఫాక్స్ రిపోర్టు కూడా తీసుకోవచ్చు, మంచిదే. కానీ ఒకటి గుర్తుంచుకోండి, ఇన్సూరెన్సుకు చెప్పకుండా ఇంటి దగ్గర టింకరింగ్ చేయించుకున్న యాక్సిడెంటు ఏ రిపోర్టులోనూ ఉండకపోవచ్చు. కొన్ని బండ్లను ఒక రాష్ట్రం నుండి ఇంకో రాష్ట్రానికి తీసుకుపోయి టైటిల్ మీద మచ్చ మాయం చేసేవాళ్లూ ఉన్నారు. అందుకే రిపోర్టు బాగుంది అంటే బండి బాగుంది అని కాదు.

మైళ్లు కూడా అంతే. మీటరు వెనక్కి తిప్పిన బండ్లు ఈ దేశంలో ఏడాదికి 4,50,000కు పైగా అమ్ముడుపోతున్నాయని ఎన్‌హెచ్‌టీఎస్ఏ అంచనా. 60,000 మైళ్లు అని చూపిస్తూ, బ్రేకు పెడల్ రబ్బరు అరిగిపోయి, స్టీరింగు తోలు నున్నగా అయిపోయి ఉంటే ఆ మీటరును నమ్మొద్దు. పాత ఆయిల్ ఛేంజ్ బిల్లులు అడగండి, వాటి మీద మైళ్లు రాసి ఉంటాయి.

*తర్వాత బండి చూడండి, పగటి పూట*

రాత్రి, వానలో చూడొద్దు. ఇంజిన్ స్టార్ట్ చేసి పెట్టొద్దని ముందే చెప్పండి. పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఏదో దాచడానికి ముందే వేడి చేసి పెట్టి ఉండొచ్చు.

తాళం తిప్పగానే చెక్ ఇంజిన్, ఎయిర్‌బ్యాగ్ లైట్లు వెలగాలి, స్టార్ట్ అయినాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో ఆ లైటునే పీకేసి ఉండొచ్చు. 1996 నుండి ఇక్కడ అమ్మిన కార్లకు స్టీరింగు కింద స్కానర్ పెట్టే సాకెట్ ఉంటది. చిన్న స్కానర్ 20, 30 డాలర్లకు దొరుకుతుంది, నలుగురు కలిసి ఒకటి కొనుక్కోండి. అందులో "నాట్ రెడీ" అని చాలా వస్తే, మనం రాకముందు కోడ్లు చెరిపేశారేమో అని అనుమానించాలి.

సైలెన్సర్ పొగ చూడండి. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ తాగుతుంది. వేడెక్కినాక కూడా తెల్లటి పొగ తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ కాలుతుంది. ఆయిల్ మూత కింద పాలమీగడ లాంటిది ఉంటే మెకానిక్‌కు తప్పకుండా చూపించండి. గేరు రివర్స్ నుండి డ్రైవ్‌లోకి వేస్తే వెంటనే పట్టుకోవాలి. ధడ్‌మని కొట్టినా, ఆలస్యమైనా గేర్‌బాక్సు ఖర్చు రాబోతుంది.

వరద బండి పట్టుకోవాలంటే సీట్ బెల్టు చివరిదాకా లాగండి, నీటి మరక కనిపిస్తుంది. సీటు కింద బోల్టులకు తుప్పు చూడండి. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంతలో మట్టి ఉందేమో చూడండి. హెడ్‌లైట్ల లోపల తేమ చూడండి. సెంటు వాసన మరీ ఎక్కువైతే ఎందుకు కొట్టారో ఆలోచించండి.

టైరు మీద డాట్ అనే అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. పెన్నీ బిళ్లను లింకన్ తల కిందికి పెట్టి టైరు గాడిలో దూర్చండి. తల మొత్తం బయటికి కనిపిస్తే ఆ టైరు అయిపోయినట్టే.

ఇదంతా చూసి బాగుందనిపిస్తేనే మెకానిక్ దగ్గరికి తీసుకపోండి. మెకానిక్‌ను మీరే వెతకండి, అమ్మేవాడు చెప్పిన షాపు వద్దు. లిఫ్ట్ మీద ఎత్తి చూసేదానికి 100 నుండి 200 డాలర్ల దాకా అవుతుంది.

*డీలరు దగ్గర*

డీలరు అమ్మే పాత బండి మీద బయ్యర్స్ గైడ్ అనే కాగితం అతికించాలని ఫెడరల్ రూలు. అందులో "యాజ్ ఈజ్" గడిలో టిక్కు ఉంటే, గేటు దాటినాక వచ్చే రిపేరంతా మన ఖర్చే. మీ మెకానిక్‌తో చూపించవచ్చా అని అడగండి అని, నోటిమాట వాగ్దానాలు కాగితం మీద రాయించుకోండి అని ఆ కాగితమే చెప్తుంది. మూడు రోజుల్లో తిరిగి ఇవ్వొచ్చు అని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. ఫెడరల్ చట్టంలో అట్లాంటి హక్కు లేదు, టెక్సాస్‌లో కూడా లేదు.

ఇంకొక మాట. 2025 జనవరి 1 నుండి టెక్సాస్‌లో మామూలు కార్లకు ఏటా చేసే సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. డల్లాస్, హ్యూస్టన్ లాంటి పెద్ద కౌంటీల్లో పొగ పరీక్ష ఒక్కటే ఉంది. బ్రేకులు, టైర్లు, స్టీరింగు ఎవరూ చూడరు. అంటే చూసే బాధ్యత ఇప్పుడు పూర్తిగా కొనేవాడిదే.

నాతో వాదించేవాళ్లు ఉన్నారు. "3,000 డాలర్ల బండికి 150 చెకింగా?" అంటారు. నేనంటాను, 3,000 ఉన్నవాడికే అది ఎక్కువ అవసరం. 30,000 పెట్టి కొన్నవాడి బండి ఆగితే ఇంకోటి తెచ్చుకుంటాడు. మనకు బండి ఆగితే పని పోతుంది. "ఆలస్యం చేస్తే వేరేవాళ్లు కొంటారు" అంటారు. కొననియ్యండి. "మనోడు బాధపడతాడు" అంటారు. నిజాయితీగా అమ్మేవాడు బాధపడడు, ఇంకా సంతోషిస్తాడు. మెకానిక్ చూసి బాగుందంటే రేపు ఎవరూ ఆయన్ని మాట అనరు.

చివరిగా, అమ్మే అన్నలకు. మీ బండిలో లోపం మీకు తెలిసి కూడా దాచి, నిన్నగాక మొన్న దిగిన పిల్లవాడికి అంటగడితే, అతను ఇంటికి పంపే పైసలు మీరు తీసుకున్నట్టే. లోపం చెప్పి 500 తగ్గించి అమ్మండి, మర్యాద దక్కుతుంది.

గ్రూపు పెద్దలకు నా విన్నపం. ఇకనుండి కారు అమ్మకం మెసేజ్ పెట్టేవాళ్లు ఫొటోలతో పాటు విన్ నంబరు, టైటిల్ ఎట్లాంటిది, ఎన్ని మైళ్లు, తెలిసిన లోపాలు ఏంటి, ఇవి నాలుగూ రాయాలని రూలు పెట్టండి. రాయనిది తీసేయండి.

డల్లాస్ చుట్టుపక్కల కొత్తగా వచ్చిన తమ్ముళ్లు ఎవరైనా బండి చూడడానికి పోతుంటే గ్రూపులో ఒక మాట చెప్పండి. ఆదివారం అయితే నేను వస్తాను. నేను మెకానిక్‌ను కాదు, కానీ కార్పెట్ లేపి చూడడం మాత్రం నేర్చుకున్నాను.